ఐదేళ్ల ఫ్రీలాన్సింగ్ తర్వాత డొమైన్ ఇండస్ట్రీలో ఉద్యోగం: మన అనుభవం లెక్కలోకి వస్తుందా? చేరే ముందు ఏం చేయాలి?

 

ఈ ఎపిసోడ్ ఎవరి కోసమంటే, బీటెక్ అయ్యాక క్యాంపస్‌లో రాలేదనో, వచ్చినా నచ్చకనో ఫ్రీలాన్సింగ్‌లోకి వెళ్లి, చూస్తుండగానే నాలుగైదేళ్లు గడిచిపోయిన వాళ్ల కోసం. వెబ్‌సైట్లు చేస్తారు, హోస్టింగ్ చూస్తారు, డొమైన్లు రెన్యూ చేస్తారు, క్లయింట్ ఫోన్ చేస్తే రాత్రి పదకొండింటికైనా లాప్‌టాప్ తీస్తారు. ఇప్పుడు ఉద్యోగం కావాలనిపిస్తోంది. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే అవతలి వాళ్లు "అబ్బాయి ఏ కంపెనీ అండీ" అని అడుగుతున్నారు. బ్యాంకుకి వెళ్తే పే స్లిప్ అడుగుతున్నారు. రెజ్యూమె పంపితే హెచ్‌ఆర్ "ఈ ఐదేళ్ల గ్యాప్ ఏంటి" అంటున్నారు. నిద్ర మానుకుని పని చేసిన ఐదేళ్లకి పేరు గ్యాప్!

నేను 2018లో బీటెక్ పూర్తి చేశాను. ఐదేళ్లు ఫ్రీలాన్సింగ్ చేశాను. 2023లో ఒక డొమైన్ రిజిస్ట్రార్ కంపెనీలో టెక్నికల్ సపోర్ట్‌లో చేరి, ఏడాది తర్వాత అక్కడే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా ప్లాట్‌ఫామ్ టీమ్‌లోకి మారాను. ఆ తర్వాతే ఈ వీడియోల వైపు వచ్చాను. అందుకని ఈ రోజు రెండు విషయాలు చెప్తాను. ఒకటి, మీ ఫ్రీలాన్స్ అనుభవం ఈ ఇండస్ట్రీలో పనికొస్తుంది, దాన్ని ఎలా చూపించాలి అనేది. రెండోది, ఉద్యోగంలో చేరే ముందు మీరు తప్పకుండా చేయాల్సిన ఒక పని. నన్నడిగితే రెండోదే ముఖ్యం. దాని గురించి ఎవరూ చెప్పరు కూడా.

ముందు ఈ ఇండస్ట్రీ అంటే ఏంటో చూద్దాం. మనం "డొమైన్ కొన్నాను" అంటాం కదా, నిజానికి ఎవరూ కొనరు. అది కౌలు లాంటిది. డాట్ కామ్ అయితే ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకి తీసుకోవచ్చు, అంతే. కౌలు కడుతున్నంత కాలం పేరు మీది. కట్టడం మానేస్తే కొన్నాళ్లు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఈ కౌలు వ్యవహారంలో ఎవరెవరు ఉంటారు? పైన ఐకాన్ అనే సంస్థ. 1998లో అమెరికాలో మొదలైంది, లాభాపేక్ష లేనిది. దాని మీటింగ్ 2016 నవంబర్‌లో మన హైదరాబాద్‌లోనే జరిగింది, హెచ్ఐసీసీలో. దాని కింద రిజిస్ట్రీలు. ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి అసలు పుస్తకం వాళ్ల దగ్గర ఉంటుంది. డాట్ కామ్ పుస్తకం వెరిసైన్ దగ్గర ఉంది. డాట్ ఇన్ 2005 నుంచి నిక్సీ చేతిలో ఉంది, అది మన కేంద్ర ప్రభుత్వ ఐటీ శాఖ కింద పని చేసే సంస్థ. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఆ నిక్సీదే. రిజిస్ట్రీల కింద రిజిస్ట్రార్లు, అంటే మనం వెళ్లి డబ్బు కట్టే కంపెనీలు. వాళ్ల కింద రీసెల్లర్లు. చివర్లో పేరు వాడుకునే మనిషి, రిజిస్ట్రెంట్.

ఇప్పుడు ఆలోచించండి. రీసెల్లర్‌కీ ఆ చివరి మనిషికీ మధ్య ఇన్నాళ్లూ నిలబడింది ఎవరు? మీరే. ఊళ్లో ఫంక్షన్ హాల్ వాళ్లు, కోచింగ్ సెంటర్ వాళ్లు, చీరల షాపు వాళ్లు ఐకాన్ పేరు విని ఉండరు. వాళ్లకి డొమైన్ ఇండస్ట్రీ అంటే మీ ఫోన్ నంబరే.

ఒక ఉదాహరణ చెప్తాను. నా క్లయింట్లలో భీమవరంలో పచ్చళ్ల వ్యాపారం చేసే ఒకావిడ ఉండేవారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఆవకాయ, గోంగూర, రొయ్యల పచ్చడి పంపేవారు. ఆర్డర్లన్నీ వెబ్‌సైట్ మీదే. ఒక రోజు పొద్దున్నే ఫోన్. "బాబూ, నా షాపు నెట్‌లో కనపడట్లేదు. డబ్బులు కట్టే ఉన్నానుగా" అన్నారు. నిజమే, ఎక్స్‌పైరీకి ఇంకా ఏడు నెలలుంది. హోస్టింగ్ బాగానే ఉంది. డొమైన్ స్టేటస్ చూస్తే క్లయింట్ హోల్డ్ అని ఉంది. అంటే రిజిస్ట్రారే ఆపేశాడు. ఎందుకు? డాట్ కామ్ లాంటి డొమైన్ రిజిస్టర్ చేసినా, ఓనర్ వివరాలు మార్చినా, ఈమెయిల్ వెరిఫై చేయమని ఒక లింక్ వస్తుంది. 15 రోజుల్లో దాన్ని నొక్కకపోతే డొమైన్ ఆపేయాలనేది రిజిస్ట్రార్లకి ఐకాన్ రూల్. ఆవిడ అడ్రస్ మారిందని వివరాలు అప్‌డేట్ చేయించారు. లింక్ వెళ్లింది. ఎవరికి వెళ్లింది? అంతకు ముందు ఆ సైట్ చేసిన కుర్రాడి ఈమెయిల్‌కి. ఆ కుర్రాడు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఆ మెయిల్ చూడట్లేదు.

మోసం ఎవరూ చేయలేదు. ఆ అబ్బాయి మంచివాడే. ఉద్యోగం వచ్చింది, వెళ్లాడు. కానీ ఆవిడ వ్యాపారం పేరు అతను వదిలేసిన మెయిల్‌బాక్స్‌లో ఉండిపోయింది. అతన్ని వెతికి పట్టుకుని, లింక్ నొక్కించి, ఈమెయిల్ మార్పించేసరికి మూడు రోజులు పట్టింది. సంక్రాంతి ముందు మూడు రోజులు! ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

సో, ఇలాంటి పని మీరందరూ చేసే ఉంటారు. రిజిస్ట్రార్ కంపెనీలో సపోర్ట్ టీమ్ రోజంతా చేసేది ఇదే. అందుకే మీ అనుభవం అక్కడ లెక్కలోకి వస్తుంది. కాకపోతే "ఐదేళ్ల అనుభవం" అని రాస్తే రాదు, "ఈ సమస్య వచ్చింది, ఇది చూశాను, కారణం ఇదని తేలింది, మళ్లీ రాకుండా ఇది చేశాను" అని రాస్తే వస్తుంది. మీ పాత వాట్సాప్ చాట్లు, మెయిళ్లు తిరగేసి, అలాంటి కేసులు ఒక పది రాసుకోండి. క్లయింట్ పేరు, డొమైన్ పేరు తీసేయండి. కేసుకి ఐదారు లైన్లు చాలు. నా ఇంటర్వ్యూలో ముప్పావు గంట ఆ పది కేసుల మీదే నడిచింది.

ఇక ఏ ఉద్యోగాలు ఉంటాయి? నాలుగు రకాలు అనుకోండి. మొదటిది టెక్నికల్ సపోర్ట్. మనలాంటి వాళ్లకి తలుపు తేలిగ్గా తెరుచుకునేది ఇదే. రెండోది అబ్యూస్ అండ్ కంప్లయన్స్. ఫిషింగ్ సైట్లు, బ్యాంకు పేరుతో దొంగ డొమైన్లు, వీటి మీద ఫిర్యాదులు చూసి చర్య తీసుకోవడం. 2024 ఏప్రిల్ నుంచి ఐకాన్ కాంట్రాక్టుల్లో ఈ బాధ్యత ఇంకా గట్టిగా పెట్టారు, కాబట్టి ఈ టీమ్‌లకి పని పెరిగింది. మూడోది ఇంజనీరింగ్. రిజిస్ట్రీకీ రిజిస్ట్రార్‌కీ మధ్య మాటలన్నీ ఈపీపీ అనే ప్రోటోకాల్‌లో జరుగుతాయి, ఆ సిస్టమ్స్ నడపడం. నాలుగోది రీసెల్లర్లని చూసుకునే బిజినెస్ టీమ్. క్లయింట్లతో మాట్లాడి, బేరాలాడి అలవాటైన ఫ్రీలాన్సర్లు ఇక్కడ బాగా రాణిస్తారు.

మన దేశంలో ఈ కంపెనీలు లేవనుకోకండి. డైరెక్టీ అనే కంపెనీ 1998లోనే ముంబైలో మొదలైంది. బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్ అక్కడ పుట్టినవే, తర్వాత చేతులు మారాయి. డాట్ ఆన్‌లైన్, డాట్ స్టోర్, డాట్ టెక్ లాంటి ఎక్స్‌టెన్షన్లు నడిపే ర్యాడిక్స్ కూడా ఆ డైరెక్టీ గ్రూపులో పుట్టిందే. క్లౌడ్ కంపెనీలు, హోస్టింగ్ కంపెనీలు, పెద్ద బ్రాండ్ల డొమైన్లు చూసుకునే కంపెనీలకి కూడా ఇదే పని తెలిసిన మనుషులు కావాలి.

ఏం నేర్చుకోవాలి? మీకు డీఎన్ఎస్ రికార్డులు పెట్టడం వచ్చు. కానీ "ఎందుకు" అనేది అడుగుతారు. ఫర్ ఎగ్జాంపుల్, నేమ్ సర్వర్ మార్చాక క్లయింట్‌కి "48 గంటలు పట్టొచ్చు" అని మనందరం చెప్తాం. ఎందుకు 48? డాట్ కామ్ జోన్‌లో నేమ్ సర్వర్ రికార్డుల టీటీఎల్ 1,72,800 సెకన్లు. లెక్కేస్తే సరిగ్గా రెండు రోజులు. పాత సమాధానాన్ని అంతసేపు గుర్తుపెట్టుకోవడానికి మధ్యలో ఉన్న సర్వర్లకి అనుమతి ఉంది. ఈ ఒక్క లెక్క చెప్పగలిగితే మీరు ప్యానెల్‌లో బటన్లు నొక్కే మనిషి కాదని అవతలి వాళ్లకి అర్థమవుతుంది.

అలాగే ఎక్స్‌పైరీ తర్వాత ఏమవుతుందో రోజులతో సహా తెలియాలి. డాట్ కామ్ లాంటి వాటిలో, గడువు అయ్యాక 45 రోజుల వరకు గ్రేస్ ఉండొచ్చు, రిజిస్ట్రార్ అంతకంటే ముందే డిలీట్ చేయొచ్చు కూడా. డిలీట్ చేశాక 30 రోజులు రిడంప్షన్, అప్పుడు తిరిగి తెచ్చుకోవాలంటే మామూలు రేటు కంటే చాలా ఎక్కువ కట్టాలి. తర్వాత 5 రోజులు పెండింగ్ డిలీట్. ఆ 5 రోజుల్లో ఎవరూ ఏమీ చేయలేరు. ఆ తర్వాత ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది. ఇంకోటి, హూయిజ్ అని మనం వాడే పాత పద్ధతి బదులు ఇప్పుడు ఆర్‌డాప్ వచ్చింది. డాట్ కామ్ లాంటి వాటికి హూయిజ్ తప్పనిసరి అనే రూల్ 2025 జనవరి 28తో ముగిసింది. రెజ్యూమెలో ఇంకా హూయిజ్ ఒక్కటే రాస్తే పాత మనిషి అనుకుంటారు.

ఇవన్నీ డబ్బు పెట్టి నేర్చుకోనక్కర్లేదు. ఐకాన్ లెర్న్‌లో, ఏపీనిక్ అకాడమీలో ఫ్రీ కోర్సులు ఉన్నాయి, ఫోన్‌లోనే చూడొచ్చు. పది వేలు, ఇరవై వేలు ఫీజు అడిగే డొమైన్ కోర్సుల జోలికి మాత్రం పోకండి.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తుంది: "కస్టమర్ సైట్ ఓపెన్ కావట్లేదు, మీరు ఎక్కడ మొదలుపెడతారు?" చాలామంది హోస్టింగ్ నుంచి మొదలుపెడతారు. పై నుంచి కిందికి రండి. మొదట డొమైన్ స్టేటస్, తర్వాత నేమ్ సర్వర్లు, తర్వాత రికార్డులు, ఆ తర్వాత సర్వర్, ఎస్‌ఎస్‌ఎల్. మన భీమవరం కేసులో సమాధానం మొదటి మెట్టులోనే ఉంది కదా.

ఇక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. చాలామందికి ఇదే భయం. పే స్లిప్పులు లేవు, రిలీవింగ్ లెటర్ లేదు. పర్లేదు. మూడేళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, ఫామ్ 26ఏఎస్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, క్లయింట్లకి పంపిన ఇన్‌వాయిస్‌లు, ఇద్దరు ముగ్గురు క్లయింట్ల దగ్గర నుంచి ఉత్తరాలు. వీటితో మీ ఐదేళ్లని రుజువు చేయొచ్చు. ఎవరో ఫ్రెండ్ కంపెనీ పేరు మీద ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇప్పిస్తానంటే మాత్రం వద్దు. నిజంగా పని చేసిన మనిషికి అబద్ధం కాగితం ఎందుకు చెప్పండి? పీఎఫ్ రికార్డు చూస్తే బయటపడిపోతుంది, ఆఫర్ పోతుంది.

జీతం సంగతి. నాకు నెలకి 70 వేలు వచ్చిన నెలలున్నాయి, 8 వేలు వచ్చిన నెలలూ ఉన్నాయి. మనం పోల్చేటప్పుడు ఆ 70 వేల నెలనే గుర్తుపెట్టుకుంటాం. అలా కాదు. గత 24 నెలల ఆదాయం మొత్తం కూడండి, ఖర్చులు, సాఫ్ట్‌వేర్ ఫీజులు, రాని బకాయిలు తీసేయండి, 24తో భాగించండి. దాన్ని ఆఫర్‌లో చేతికొచ్చే జీతంతో పోల్చండి. సీటీసీతో పోల్చకండి, అందులో కంపెనీ కట్టే పీఎఫ్ కూడా కలిపి ఉంటుంది. చాలామందికి ఆ లెక్క వేశాక నిర్ణయం దానంతటదే తేలుతుంది.

మారేవి కూడా ఉన్నాయి. షిఫ్టులుంటాయి, డొమైన్లకి ఆదివారం, దసరా ఉండవు. అన్నిటికంటే కష్టం ఏంటంటే, మీకు సమాధానం తెలిసినా వెంటనే చేయలేరు. ఫ్రీలాన్సింగ్‌లో సర్వర్‌లోకి వెళ్లి మార్చేస్తాం. అక్కడ టికెట్ ఉండాలి, ఇంకొకరు చూడాలి, అనుమతి రావాలి. మొదటి రెండు నెలలు నాకు ఊపిరాడనట్టే ఉండేది. తర్వాత అర్థమైంది. ఒక్కడి దగ్గర పది సైట్లుంటే చెయ్యి జారినా పది మందికే నష్టం. రిజిస్ట్రార్ దగ్గర లక్షల పేర్లుంటాయి.

నెట్4ఇండియా కథ చాలామందికి తెలుసు. మన దేశంలోని పాత రిజిస్ట్రార్లలో ఒకటి. దివాలా కేసులో పడింది, కస్టమర్లు రెన్యూ చేయలేక, వేరే చోటికి మార్చుకోలేక అల్లాడారు. చివరికి 2021లో ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి, డొమైన్లని వేరే రిజిస్ట్రార్‌కి అప్పగించింది. డబ్బు సకాలంలో కట్టిన వాళ్లు కూడా తమ పేరు తమకి దక్కుతుందో లేదో అని నెలల తరబడి భయపడ్డారు. మధ్యలో ఉన్నవాడు పక్కకి జరిగితే చివరి మనిషికి జరిగేది అదే.

ఇప్పుడు నేను ముందు చెప్పిన రెండో విషయానికి వద్దాం. నెట్4 అంత పెద్దది కాకపోవచ్చు, కానీ మీరు కూడా మధ్యలో ఉన్న మనిషే. మీ ఒక్క అకౌంట్‌లో ఎంతమంది క్లయింట్ల డొమైన్లు ఉన్నాయి? పదిహేను? నలభై? ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయి? రెన్యువల్ ఎవరి కార్డు నుంచి పోతోంది? ఉద్యోగంలో చేరాక, నైట్ షిఫ్ట్ చేసి పడుకుంటే, ఆ రెన్యువల్ మెయిల్ ఎవరు చూస్తారు? భీమవరంలో ఆవిడకి జరిగింది మీ క్లయింట్‌కి జరగకూడదు.

అందుకే ఆఫర్ లెటర్ వచ్చిన రోజే ఒక షీట్ తెరవండి. డొమైన్ పేరు, ఎక్స్‌పైరీ తేదీ, ఏ రిజిస్ట్రార్, ఎవరి అకౌంట్, ఎవరి ఈమెయిల్. ఎక్స్‌పైరీ దగ్గరున్నవి పైన పెట్టండి. తర్వాత ప్రతి క్లయింట్‌కీ వాళ్ల సొంత పేరు మీద అదే రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ తెరిపించి, డొమైన్‌ని అందులోకి పంపండి. దీన్నే పుష్ అంటారు, చాలా చోట్ల ఖర్చు ఉండదు. వేరే రిజిస్ట్రార్‌కి మార్చాలంటే ఆథ్ కోడ్ కావాలి. కొత్తగా రిజిస్టర్ చేసినా, ఈ మధ్యే ట్రాన్స్‌ఫర్ చేసినా సాధారణంగా 60 రోజులు ఆగాలి. అందుకే ఆఖరి వారం దాకా పెట్టుకోవద్దు.

వివరాలు మార్చాక వెరిఫికేషన్ మెయిల్ వస్తుంది. క్లయింట్ పక్కన కూర్చుని, లేకపోతే ఫోన్‌లో ఉండి ఆ లింక్ నొక్కించండి. ఇంకో చిన్న మెలిక ఉంది. కాంటాక్ట్ ఈమెయిల్‌గా అదే డొమైన్ మీద ఉన్న మెయిల్ పెట్టకండి. డొమైన్ ఆగిపోతే మెయిల్ కూడా ఆగిపోతుంది, తాళం బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టు. మామూలు జీమెయిల్ ఏదైనా, వాళ్లు రోజూ చూసేది పెట్టండి. ఆటో రెన్యువల్ వాళ్ల కార్డుకి పెట్టండి. చివర్లో ఒక పేజీ తెలుగులో రాసివ్వండి: మీ డొమైన్ ఇక్కడ ఉంది, ఈ తేదీకి డబ్బు కట్టాలి, సమస్య వస్తే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి.

కొంతమంది "నాకెందుకు బాబూ ఇవన్నీ, నువ్వే చూసుకో" అంటారు. నమ్మకంతో అనే మాట అది, విన్నప్పుడు మనకీ బాగుంటుంది. అయినా ఒప్పుకోకండి. "ఇంటి పత్రాలు మేస్త్రి దగ్గర ఉంచుకుంటారా ఆంటీ?" అని అడగండి. వెంటనే అర్థమవుతుంది. బకాయి ఉన్న క్లయింట్ ఉంటే, డబ్బు వేరే విషయం, పేరు వేరే విషయం. బాకీ కోసం డొమైన్ పట్టి ఉంచకండి.

దీనికి కంపెనీ వైపు నుంచి కూడా కారణం ఉంది. ఆఫర్ లెటర్‌లో బయటి పనులు చేయకూడదనే షరతు చాలాసార్లు ఉంటుంది. డొమైన్ కంపెనీలో పని చేస్తూ, బయట క్లయింట్ల డొమైన్లు మీ చేతిలో ఉంటే రేపు ఇబ్బంది. ఏవైనా మిగిలి ఉంటే చేరక ముందే హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. లోపలికి వెళ్లాక ఆఫీసు టూల్స్‌తో పాత క్లయింట్ అకౌంట్ తెరిచి చూడటం అసలు వద్దు, సాయం చేద్దామనుకున్నా సరే. వాళ్లని మామూలు కస్టమర్‌లాగే సపోర్ట్‌కి ఫోన్ చేయమనండి.

నేను చేరేటప్పుడు 31 డొమైన్లు అప్పగించాను. నోటీస్ పీరియడ్ మనకి ఉండదు కాబట్టి, జాయినింగ్ తేదీ 45 రోజులు వెనక్కి అడిగాను. కారణం ఇదేనని చెప్పాను. తర్వాత మా మేనేజర్ అన్నారు, పది కేసుల కంటే ఆ 45 రోజుల కారణమే తనకి నచ్చిందని. పేరు ఎవరిదో తెలిసినవాడికే ఈ పని ఇవ్వాలి అన్నారు.

ఈ ఉద్యోగం అందరికీ సరిపడుతుందని నేను చెప్పను. డిజైన్ అంటే ప్రాణం ఉన్నవాళ్లు, రోజుకొక కొత్త పని కావాలనుకునే వాళ్లు ఫ్రీలాన్సింగ్‌లోనే హాయిగా ఉంటారు. ఒక్కడినే అన్నీ మోసి అలసిపోయాను, తెలియనిది అడగడానికి పక్కన మనిషి కావాలి, ఒకటో తారీఖున జీతం పడాలి అనుకునే వాళ్లు ప్రయత్నించండి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ షీట్ మాత్రం ఈ వారమే తెరవండి. మొదటి లైన్‌లో, ముందుగా గడువు తీరే డొమైన్ రాయండి.

డౌట్లుంటే అడగండి, ఆఫర్ లెటర్‌లో షరతులు ఎలా చదవాలో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.